ఏ మీట్‌కి పేరివ్వాలి? ఈత పిల్లల తల్లిదండ్రులకి ఒక పోలిక

"మీ పాప ఏ టీమ్?" వర్జీనియాలో మా ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ వైపు ఏ తెలుగువాళ్ళింట్లో పుట్టినరోజుకి వెళ్ళినా, ఈత పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న ఇదే. నన్నడిగితే దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: "మీ పాప పేరు ఎవరు రాస్తారు?" అమెరికాలో పిల్లలు ఈత పోటీల్లో, అంటే మీట్‌లలో, దిగడానికి నాలుగైదు దారులున్నాయి. ఒకదాంట్లో ఎంట్రీ పూర్తిగా కోచ్ చేతిలో ఉంటుంది, ఒకదాంట్లో పూర్తిగా మీ చేతిలో, ఇంకోదాంట్లో సగం సగం. ఎన్ని శనివారాలు పోతాయి, ఎంత ఖర్చవుతుంది, తప్పు జరిగితే ఎవరు సర్దాలి అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి హైస్కూల్లో ఉంది, చిన్నోడు ఆరో క్లాసు. ఇద్దరి మధ్య ఈ దారులు దాదాపు అన్నీ తొక్కాం. చేసిన తప్పులు కూడా చెప్తాను, ఎక్కువ భాగం నావే.

వేసవి లీగ్: పేరు కోచ్ రాస్తారు

కమ్యూనిటీ పూల్స్ జట్ల మధ్య ఎండాకాలంలో జరిగే పోటీ ఇది. మా వైపు పెద్దది నార్తర్న్ వర్జీనియా స్విమింగ్ లీగ్. 1956లో మొదలైంది, ఇప్పుడు వంద దాకా జట్లున్నాయి. వేగాన్నిబట్టి జట్లని డివిజన్లుగా విడగొడతారు, డివిజన్‌కి ఆరు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఒక్కోసారి తలపడుతుంది. అంటే జూన్ రెండో సగం నుంచి జులై మూడో వారం దాకా ఐదు శనివారాల పొద్దుటి పూటలు. పూల్స్ ఆరుబయట, పొడవు 25 మీటర్లు.

ఇక్కడ మీరు చేసేది ఒక్కటే. టీమ్ సైట్‌లో ఆ శనివారానికి వస్తున్నారో లేదో నొక్కాలి. ఎవరు ఏ ఈవెంట్ ఈదాలన్నది కోచ్, టీమ్ రెప్ (జట్టు ప్రతినిధి) కలిసి తేలుస్తారు. ఒక్కో వయసులో ఒక్కో ఈవెంట్‌కి జట్టు నుంచి ముగ్గురే దిగాలి, ఒక్కో పిల్లకి రెండు సొంత ఈవెంట్లకి (ఒక్కరే ఈదేవి) మించి ఇవ్వకూడదు, ఆపైన రిలే (నలుగురు వంతులవారీగా ఈదేది) ఉంటే ఉంటుంది. కాబట్టి జట్టులో నాలుగో స్థానంలో ఉన్న పిల్ల ఆ శనివారం ఈదదు. ఇది ముందు తెలియక మొదటి వేసవి నేను కోచ్‌కి ఒక పొడుగాటి మెయిల్ రాశాను. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ నాలుగో పిల్ల కోసమే బీ మీట్‌లున్నాయి, ఎక్కువగా సోమవారం సాయంత్రాలు. అక్కడ పాయింట్లు ఉండవు, జట్టులో ఎవరైనా ఈదొచ్చు, ఏ స్ట్రోక్‌కి (ఈత పద్ధతికి) కావాలంటే దానికి మీరే పేరివ్వొచ్చు. మొదటి ఏడాదికి ఇవే అసలు మీట్‌లనుకోండి. పిల్లకి ఏది వచ్చో ఏది రాదో అక్కడ తేలుతుంది, తేలినా ఎవరూ పట్టించుకోరు.

మీట్ మీట్‌కీ వేరే ఫీజు పెద్దగా ఉండదు. కానీ పూల్ మెంబర్‌షిప్ కావాలి, దానికి కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు. ఇక ఒళ్ళొంచి చెయ్యాల్సిన పని చాలా ఉంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని టైమర్‌గా నిలబడటం, చిన్నపిల్లల్ని వరసగా కూర్చోబెట్టడం, రిబ్బన్ల మీద పేర్లు అంటించడం అన్నీ తల్లిదండ్రులే. మావాళ్ళు చాలామంది టైమర్ పనే కోరుకుంటారు. ఎండలో నిలబడాలి నిజమే, కానీ పూల్ గట్టు మీదే ఉంటాం కాబట్టి పిల్లని అంత దగ్గరగా చూసే అవకాశం ఇంకే పనిలోనూ రాదు.

మన ఇళ్ళల్లో దీనికి ఒక పెద్ద చిక్కుంది, ఇండియా ప్రయాణం. ఇక్కడ బడులు జూన్ మధ్యలో మూస్తారు. మనం టికెట్లు కొనేది సరిగ్గా ఆ ఐదు శనివారాల మీదే. నాలుగు వారాలు ఊరెళ్తే సీజన్ అయిపోయినట్టే. రెండేళ్ళకోసారి వెళ్ళే ఇల్లయితే వెళ్ళే ఏడాది వేసవి లీగ్ మానెయ్యడం మంచిది, లేదా ముందే కోచ్‌కి "మేం మొదటి రెండు వారాలే ఉంటాం" అని చెప్పాలి. చెప్పకుండా పోతే రిలేలో ముగ్గురు పిల్లలు నాలుగోవాడి కోసం చూస్తూ నిలబడతారు.

వేసవి లీగ్ అంటే టైంపాస్ అని తీసిపారేసేవాళ్ళున్నారు. నది దాటితే మేరీల్యాండ్. కేటీ లెడెకీ మొదట ఈదింది అక్కడి ఒక వేసవి జట్టులోనే, ఆరేళ్ళ వయసులో. పదిహేనేళ్ళకి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో, 800 మీటర్ల ఫ్రీస్టైల్ బంగారం గెలిచింది. మన పిల్లలు లెడెకీలు అవుతారని కాదు, ఆ దారిని తక్కువ చేసి చూడొద్దని చెప్తున్నాను.

క్లబ్: సగం మీరు, సగం కోచ్

ఏడాది పొడుగునా నడిచే క్లబ్‌లు యూఎస్ఏ స్విమింగ్ అనే జాతీయ సంస్థ కింద ఉంటాయి. దేశం మొత్తాన్ని అరవై దాకా ప్రాంతీయ కమిటీలుగా విడగొట్టారు, వాటినే ఎల్‌ఎస్‌సీ అంటారు. మాది పొటోమాక్ వ్యాలీ. డాలస్ వాళ్ళది నార్త్ టెక్సస్, బే ఏరియా వాళ్ళది పసిఫిక్. మీట్‌లకి అనుమతిచ్చేది, స్థానిక నియమాలు పెట్టేది ఈ ఎల్‌ఎస్‌సీలే. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా 25 గజాల పూల్‌లో షార్ట్ కోర్స్, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా 50 మీటర్ల పూల్‌లో లాంగ్ కోర్స్.

పద్ధతి ఇలా ఉంటుంది. ఏదో ఒక క్లబ్ మీట్ నిర్వహిస్తూ ఒక ప్రకటన పత్రం పెడుతుంది. అందులో ఏ రోజు ఏ ఈవెంట్లు, ఏ వయసులకి, రోజుకి ఎన్ని ఈవెంట్లు, ఫీజెంత, ఎంట్రీలకి ఆఖరి రోజేంటి అన్నీ ఉంటాయి. మీ క్లబ్ ఆ మీట్‌కి వెళ్ళాలనుకుంటే తన సైట్‌లో పెడుతుంది. మీరు వెళ్ళి "శనివారం వస్తాం, ఆదివారం రాం" అని నొక్కుతారు. కొన్ని క్లబ్‌లలో ఈవెంట్లు కూడా మీరే ఎంచుకోవచ్చు, కోచ్ చూసి సరిచేస్తారు. కొన్నిటిలో ఈవెంట్లన్నీ కోచ్ ఇష్టమే. తర్వాత క్లబ్ అందరి పేర్లూ ఒకే ఫైలుగా పంపుతుంది, ఫీజు నెలాఖరున మీ ఖాతాలో పడుతుంది.

ఇక్కడ నేను బోల్తాపడ్డ చోటు చెప్తాను. ప్రకటన పత్రంలో ఎంట్రీలకి ఆఖరి రోజు 20వ తేదీ అని ఉంది. ఇంకా రెండు వారాలుంది కదా అనుకున్నాను. ఆ తేదీ క్లబ్‌కి. క్లబ్ మాకు పెట్టిన గడువు 6వ తేదీ, అది అంతకుముందు రోజే దాటిపోయింది. పెద్ద మీట్‌లు ముందొచ్చిన జట్లతోనే నిండిపోతాయి కాబట్టి క్లబ్‌లు తొందరపడతాయి. మీకు పట్టేది క్లబ్ తేదీ ఒక్కటే.

దీనికి పూర్తిగా తలకిందులు తప్పు కూడా చేశాను. మొదటి అక్టోబర్‌లో క్లబ్ సైట్‌లో ఆరు మీట్‌లు కనిపిస్తే ఆరింటికీ "వస్తాం" అని నొక్కేశాను. ఒక్కో ఈవెంట్‌కి ఇంత, పిల్లకి ఇంత సర్‌చార్జ్ అని విడివిడిగా చూస్తే చిన్న మొత్తాలే. నవంబర్ బిల్లు చూసి మా ఆయన కాసేపు మాట్లాడలేదు. వాటిల్లో ఒకదానికి పిల్లకి జ్వరమొచ్చింది, ఇంకోదానికి మనబడి తెలుగు పరీక్ష అడ్డొచ్చింది. ఎంట్రీ వెళ్ళాక డబ్బు వెనక్కి రాదు. జ్వరమైనా అంతే.

క్లబ్‌లో మీట్‌లకి తొందరపడి పేరివ్వొద్దు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది: ముందు పూల్ గట్టు మీంచి డైవ్ కొట్టడం కోచ్ దగ్గర నేర్చుకుని పాసవ్వాలి. ఆ సర్టిఫికేషన్ లేని పిల్ల నీళ్ళలోంచే మొదలుపెట్టాలి. నడుముకి జీలుగు బెండ్లు కట్టి నన్ను మోటబావిలోకి తోసిన మా మేనమామకి ఈ సంగతి ఫోన్లో చెప్తే, "దూకడానికి కూడా కాగితమా?" అని ఒకటే నవ్వు.

ఫ్లెక్స్, వై, హైస్కూల్

క్లబ్‌లో పూర్తి మెంబర్‌షిప్ వద్దనుకునేవాళ్ళకి యూఎస్ఏ స్విమింగ్‌లో ఫ్లెక్స్ అని ఒక రకం ఉంది. ఏడాదికి రెండు మీట్‌ల దాకా ఈదొచ్చు, అవి ఎల్‌ఎస్‌సీ ఛాంపియన్‌షిప్ కంటే కింది స్థాయివై ఉండాలి. వేసవిలో బాగా ఈదిన పిల్ల చలికాలంలో ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ళకి, కూచిపూడి అరంగేట్రం ఉన్న ఏడాది ఈత మరీ వదిలెయ్యకుండా ఉండాలనుకునేవాళ్ళకి బాగుంటుంది. ఇబ్బందల్లా ఆ రెండు మీట్‌లు ఏవన్నది మీరే తేల్చుకోవాల్సి రావడం. తొమ్మిదేళ్ళ పిల్ల మొదటిసారే రెండు రోజుల మీట్‌లో పడితే రెండో మీట్‌కి రానంటుంది.

వైఎంసీఏ జట్లు మా వైపు తక్కువ. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు బాగా ఉంటాయి. వై మెంబర్‌షిప్ తప్పనిసరి. వాళ్ళ మీట్‌లు వాళ్ళవే, జాతీయ ఛాంపియన్‌షిప్ దాకా. చాలా వై జట్లు యూఎస్ఏ స్విమింగ్‌లో కూడా నమోదై ఉంటాయి, కాబట్టి అక్కడ చేరితే రెండు రకాల మీట్‌లూ దొరకొచ్చు. చేరేముందు అడగండి.

హైస్కూల్ ఈత మళ్ళీ పూర్తిగా కోచ్ రాజ్యం. చలికాలం సీజన్. ఎనిమిది సొంత ఈవెంట్లు, మూడు రిలేలు. ఒకరు రెండు సొంత ఈవెంట్లకి మించి ఈదకూడదు, రిలేలతో కలిపి నాలుగు. జట్టుకి పాయింట్లు ఎక్కడ తక్కువైతే అక్కడ మీ పిల్లని వేస్తారు. మా అమ్మాయికి బ్యాక్‌స్ట్రోక్ ప్రాణం. మొదటి సీజన్ సగం 500 గజాల ఫ్రీస్టైల్ ఈదింది, అంటే ఇరవై లెంగ్తులు. తల్లిదండ్రులకి ఇక్కడ ఎంపిక అంటూ ఏమీ లేదు. అది హాయిగానే ఉంది.

పుట్టినరోజు లెక్క

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమకపడతారు. మా వేసవి లీగ్‌లో జూన్ 1 నాటికి ఎన్నేళ్ళో ఆ సీజన్ మొత్తం అదే వయసు. జూన్ 5న పదకొండు నిండినా ఆ వేసవంతా పదేళ్ళ గుంపులోనే. క్లబ్ మీట్‌లలో మీట్ మొదటి రోజు నాటి వయసు లెక్క. మార్చి 3న పదకొండు నిండే పిల్లకి మార్చి 6న ఛాంపియన్‌షిప్ మొదలైతే 11-12 గుంపులో ఈదాలి, అక్కడి క్వాలిఫైయింగ్ టైమ్‌లోపే ఈదాలి. పదేళ్ళలోపు గుంపులో చలికాలమంతా కష్టపడి తెచ్చుకున్న కట్ (క్వాలిఫైయింగ్ టైమ్) ఆ మీట్‌కి పనికిరాదు. హైస్కూల్లో వయసు గుంపులే లేవు, తొమ్మిదో క్లాసు పిల్ల పన్నెండో క్లాసు పిల్ల పక్క లేన్‌లో ఈదుతుంది.

మార్చి, జూన్ నెలల్లో పుట్టినరోజులున్న పిల్లల తల్లిదండ్రులు ఏడాది మొదట్లోనే క్యాలెండర్ ముందేసుకుని కోచ్‌తో ఒక్కసారి మాట్లాడాలి. చిన్నోడిది మార్చి. మేం మాట్లాడలేదు.

క్లబ్‌లో ఉన్నారు సరే, ఏ మీట్?

అన్ని మీట్‌లూ ఒకటి కావు. అన్నిటికంటే తేలిక సొంత క్లబ్‌లో పిల్లల మధ్య పెట్టుకునేవి, ఇంకో క్లబ్‌తో ఆడే డ్యూయల్ మీట్‌లు. రెండు మూడు గంటల్లో అయిపోతాయి. కొత్త పిల్లకి మొదటి మీట్ ఇదే అయ్యేలా చూడండి, ఆర్నెల్లు ఆగాల్సొచ్చినా సరే.

తర్వాతివి టైమ్డ్ ఫైనల్స్. ప్రతి పిల్లా ఈవెంట్‌ని ఒక్కసారే ఈదుతుంది, అన్ని హీట్‌ల (ఒకేసారి నీళ్ళలో దిగే గుంపుల) టైములూ కలిపి చూసి స్థానాలు ఇస్తారు. పన్నెండేళ్ళలోపు పిల్లల సెషన్ నాలుగు గంటల్లోపు ముగిసేలా ప్లాన్ చెయ్యాలని యూఎస్ఏ స్విమింగ్ నియమం ఉంది, ఛాంపియన్‌షిప్‌లకి మినహాయింపు. నాలుగు గంటల్లో మీ పిల్ల మూడు ఈవెంట్లు ఈదితే నీళ్ళలో గడిపేది మొత్తం నాలుగైదు నిమిషాలు. మిగతా సమయమంతా తువ్వాలు కప్పుకుని నేల మీద కూర్చుని స్నేహితులతో పేకాడటమే. మా చిన్నోడు మీట్‌లకి వస్తానని మారాం చేసేది ఆ పేకాట కోసమే.

ఇక ప్రిలిమ్స్-ఫైనల్స్. పొద్దున అందరూ ఈదుతారు, మొదటి ఎనిమిది మందో పదహారు మందో సాయంత్రం మళ్ళీ వస్తారు. దీనికి పేరిచ్చారంటే రోజంతా ఇచ్చేసినట్టే. పొద్దున బాగా ఈది, సాయంత్రం ఎవరింట్లోనో వ్రతం ఉందని ఫైనల్‌కి ఎగ్గొడితే కుదరదు. ఫైనలిస్టుల పేర్లు ప్రకటించాక రాలేనివాళ్ళు సాధారణంగా అరగంటలోపు పేరు తీయించుకోవాలి (స్క్రాచ్ అంటారు), లేకపోతే జరిమానానో తర్వాతి ఈవెంట్‌కి నిషేధమో పడుతుంది. సంక్రాంతి సంబరాలు, బతుకమ్మ, ఉగాది, వీటిలో దేనిమీదో ఒకదానిమీద పెద్ద మీట్ పడుతుంది. ఏడాదికి ఒకటి వదులుకోవడానికి సిద్ధపడండి. ఏది వదులుకోవాలో మీ ఇంటి గొడవ, నేను చెప్పను.

లాంగ్ కోర్స్ సంగతి. 50 మీటర్ల పూల్‌లో మధ్యలో గోడ రాదు. షార్ట్ కోర్స్‌లో ప్రతి 25 గజాలకీ గోడ తన్నుకుని ఊపిరి తీసుకునే తొమ్మిదేళ్ళ పిల్లకి ఇది సముద్రమే. పైగా 100 ఐఎం (ఇండివిడ్యువల్ మెడ్లీ, ఒకరే నాలుగు స్ట్రోక్‌లూ వరసగా ఈదేది) లాంటి చిన్నపిల్లలకి ఇష్టమైన ఈవెంట్ అక్కడ ఉండదు, ఐఎం 200తోనే మొదలు. మొదటి ఏడాది లాంగ్ కోర్స్ వదిలేసి వేసవి లీగ్‌కి వెళ్ళమంటాను. దీనికి మా కోచ్ ఒప్పుకోరు. పెద్ద పూల్‌లో ఎంత తొందరగా ఈదితే అంత మంచిదంటారు. పన్నెండేళ్ళు దాటిన పిల్లల విషయంలో ఆయన మాటే నిజం.

కట్ ఉన్న మీట్‌లు కూడా ఉంటాయి, ఇంత టైమ్‌లోపు ఈదితేనే రానిస్తారు. దేశమంతటికీ కలిపి యూఎస్ఏ స్విమింగ్ పెట్టిన మెట్లు వేరే ఉన్నాయి: బీ, డబుల్ బీ, ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ, క్వాడ్ ఏ. ఇవి పిల్లలకి ఉత్సాహం కోసం పెట్టినవి. వాట్సాప్ గ్రూపుల్లో ఇవి పెద్దల మార్కుల లిస్టయి కూర్చున్నాయి. ఒక మెట్టు దక్కడానికి అర సెకను తక్కువైందని వరసగా మూడు వారాలు అదే ఈవెంట్‌కి పేరిచ్చే తల్లిదండ్రుల్ని చూశాను. పిల్లకి ఆ మూడు వారాల్లో కొత్తగా వచ్చిందేమీ లేదు, టెన్షన్ తప్ప. వయసు గుంపు మారిన రోజు ఆ మెట్లన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

ఏ ఈవెంట్?

కోచ్ ఎంచితే కోచ్‌నే ఎంచనివ్వండి. మీ చేతికే వస్తే, మొదటి మీట్‌కి 50 ఫ్రీ, 50 బ్యాక్. రెండే. ఫ్రీస్టైల్‌లో డిస్‌క్వాలిఫై (డీక్యూ) అవ్వడం కష్టం. బ్యాక్‌స్ట్రోక్ నీళ్ళలోంచే మొదలవుతుంది కాబట్టి డైవ్ భయం లేదు. గోడకి ఐదు గజాల ముందు పైన జెండాలు కట్టి ఉంటాయి. అక్కణ్ణుంచి గోడకి ఎన్ని చేతులు పడతాయో పిల్లకి ప్రాక్టీసులో లెక్క నేర్పిస్తారు. వేసవి లీగ్ పూల్‌లో జెండాలు ఐదు మీటర్ల దూరంలో ఉంటాయి. మూడు చేతులు లెక్కపెట్టి గోడని తాకే పిల్ల అక్కడ చెయ్యి చాపితే నీళ్ళే తగులుతాయి.

బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై వచ్చేసరికి రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి. ఒక చెయ్యి ముందు తగిలిందా, డీక్యూ. అంపైర్‌లాగా తెల్లచొక్కా వేసుకున్న అధికారి చెయ్యెత్తడం స్టాండ్స్‌లోంచి మనకి కనిపిస్తుంది, ఆ పిల్లకి కనిపించదు. బయటికొచ్చి నవ్వుతూ చూస్తుంది. మొదటి డీక్యూ ప్రతి పిల్లకీ ఉంటుంది, అది ఊళ్ళో ఏ ప్రాముఖ్యం లేని చిన్న మీట్‌లో అయిపోతే మంచిది. ఛాంపియన్‌షిప్‌లో అయితే ఇంటికొచ్చేదాకా కారులో ఎవరూ మాట్లాడరు.

తర్వాతి నెలల్లో 100 ఐఎం వైపు వెళ్ళండి, నాలుగు స్ట్రోక్‌లూ అందులో ఉంటాయి. పదేళ్ళలోపు పిల్లల కోసం ఐఎం రెడీ అని యూఎస్ఏ స్విమింగ్ ఐదు ఈవెంట్ల సెట్ పెట్టింది: 100 ఫ్రీ, 50 బ్యాక్, 50 బ్రెస్ట్, 50 ఫ్లై, 100 ఐఎం. ఆ ఐదూ ఒక సీజన్‌లో పూర్తి చెయ్యడం, ఒకే 50 ఫ్రీని పదిసార్లు ఈదడం కంటే ఎంతో మేలు. మీట్‌లు ఎంచడానికి కూడా ఇది పనికొస్తుంది: ఐదింటిలో మిగిలినవి ఏ మీట్‌లో ఉన్నాయో చూసి దానికే పేరివ్వండి.

ఎంట్రీ టైమ్ రాయడం

క్లబ్ ద్వారా వెళ్తే పిల్ల బెస్ట్ టైమ్ డేటాబేస్‌లోంచి తనంతట అదే వస్తుంది. ఫ్లెక్స్‌లోనో, కొత్త ఈవెంట్‌లోనో మీరు రాయాల్సి రావొచ్చు. ఎప్పుడూ ఈదని ఈవెంట్‌కి 'టైమ్ లేదు' అని పెడతారు, ఆ పిల్లలు మొదటి హీట్‌లలో ఈదుతారు. దానికి చిన్నతనం పడక్కర్లేదు. వేగంగా ఈదేవాళ్ళు మామూలుగా చివరి హీట్‌లలో, మధ్య లేన్లలో ఉంటారు. టైమ్డ్ ఫైనల్స్‌లో ఏ హీట్‌లో ఈదినా స్థానం వచ్చేది టైమ్‌నిబట్టే.

మా అమ్మాయి మొదటి చలికాలం మీట్‌కి నేను వేసవి టైమ్ ఉన్నదున్నట్టు రాశాను. వేసవి పూల్ మీటర్లలో, ఇది గజాల్లో. 25 గజాలంటే 22.86 మీటర్లే, అంటే 50కి 4.28 మీటర్లు తేడా. 48 సెకన్లలో 50 మీటర్లు ఈదే పిల్లకి ఆ తేడా నాలుగు సెకన్లు. పిల్ల తనకంటే బాగా నిదానంగా ఈదేవాళ్ళ హీట్‌లో పడింది, పోటీ లేక మధ్యలో వెనక్కి తిరిగి చూసింది. టైమ్ మార్చి రాయొచ్చో లేదో ఆ మీట్ పత్రంలోనే ఉంటుంది, కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కట్ ఉన్న మీట్‌లకైతే అనుమతి పొందిన మీట్‌లలో వచ్చిన టైమే చెల్లుతుంది, మామూలు వేసవి మీట్ టైమ్ చూపిస్తే తీసుకోరు.

హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, అక్కడ గజాల టైములు ఎవరికీ అక్కర్లేదు. పోటీలన్నీ మీటర్లలోనే. ఎంట్రీ దారులు కూడా వేరు. స్కూల్ గేమ్స్‌కి బడి ద్వారా, అండర్ 14, 17, 19 గుంపుల్లో. ఫెడరేషన్ జాతీయ పోటీలకి రాష్ట్ర సంఘం జట్టులోకి ఎంపికైతేనే. వెళ్ళే ముందటి ఏడాది మాత్రం లాంగ్ కోర్స్ మీట్‌లకి తప్పకుండా పేరివ్వండి, నేను పైన వద్దన్నది మర్చిపోయి.

ఎవరికి ఏది?

ఏడెనిమిదేళ్ళ పిల్ల, ఒక లెంగ్త్ ఆగకుండా ఈదగలదు, వేసవిలో ఊళ్ళోనే ఉంటారు: వేసవి లీగ్, బీ మీట్‌లు. ఇంకేమీ వద్దు. ప్రతి జూన్‌లో ఇండియా వెళ్ళే ఇల్లు: సెప్టెంబర్‌లో క్లబ్, నెలకి ఒక మీట్, ఒక రోజు. ఇద్దరూ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, ఒకటే కారు ఖాళీ: పిల్లలిద్దరూ ఒకే సెషన్‌లో పడే మీట్‌లనే ఎంచుకోండి. వయసు గుంపులనిబట్టి ఒకరిది పొద్దున, ఒకరిది మధ్యాహ్నం పడితే ఆదివారం మొత్తం పార్కింగ్‌లోనే గడుస్తుంది. పదమూడేళ్ళు దాటి, తనే పొద్దున ఐదింటికి లేస్తున్న పిల్లకి మీరు ఎంచాల్సిందేమీ లేదు, కోచ్‌తో తనే మాట్లాడుకుంటుంది. బాగా ఈదుతున్నా మీట్ అంటే ఏడ్చే పిల్లకి ఫ్లెక్స్ చూడండి. లేదా ఒక ఏడాది ప్రాక్టీస్ మాత్రమే. చాలా క్లబ్‌లు అభ్యంతరం చెప్పవు.

పన్నెండేళ్ళలోపు పిల్లకి ఖరీదైన టెక్ సూట్ (వేగం కోసం వేసుకునే బిగుతైన పోటీ ఈతదుస్తులు) కొనాలా అని అడిగేవాళ్ళకి: 2020 సెప్టెంబర్ నుంచి యూఎస్ఏ స్విమింగ్ మీట్‌లలో ఆ వయసుకి అవి నిషేధం. ఆ డబ్బుతో రెండో జత గాగుల్స్ కొనండి, ఒక జత ఎప్పుడూ వార్మప్‌లో తెగుతుంది.

ఎంట్రీలు వెళ్ళాక, మీట్‌కి రెండు మూడు రోజుల ముందు ఎంట్రీ టైమ్‌నిబట్టి ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో చూపించే జాబితా వస్తుంది, సైక్ షీట్ అంటారు. అందులో మీ పిల్ల పేరు, వయసు, ఈవెంట్లు ఒక్కసారి చూడండి. ఏదైనా తప్పుంటే ఆ రోజే కోచ్‌కి చెప్పాలి, నిర్వాహకులకి నేరుగా రాయకండి, వాళ్ళు మాట్లాడేది క్లబ్‌తోనే. శనివారం పొద్దున పూల్ దగ్గరికెళ్ళాక పేరు లేదని తెలిస్తే మిగిలిన దారి డెక్ ఎంట్రీ ఒక్కటే. ఖాళీ లేన్ ఉంటే ఎక్కువ ఫీజు తీసుకుని అక్కడికక్కడే రాసుకుంటారు. అన్ని మీట్‌లూ ఒప్పుకోవు. ఒప్పుకుంటే ఆ సంగతి ప్రకటన పత్రంలోనే ఉంటుంది, మామూలుగా ఫీజుల పక్కన.